పరుగెత్తే కాలికి విశ్రాంతి



నందవరం, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతాలలో తెల్లవారకముందే తారు రోడ్డు మీద పరుగెత్తే యౌవనస్థులను మనము చూస్తుంటాము. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు నెగ్గాలి. మిరపకోతలకు గుంటూరు వైపు వలస వెళ్లే ఇండ్లలో ఆ ఉద్యోగము మీద ఎంత ఆశ ఉంటుందో మనకు తెలుసు. అందుకే కాలు నొప్పి పెట్టినా పిల్లలు ఇంట్లో చెప్పరు.

మోకాలి కింద, కాలి ముందరి ఎముక లోపలి అంచు వెంబడి బెత్తెడు మేర గాని, అంతకు మించి గాని నొప్పి ఉంటే డాక్టర్లు దానిని షిన్ స్ప్లింట్స్ అంటారు. అలవాటు లేనివారు నోటిఫికేషన్ రాగానే ఒక్కసారిగా ఎక్కువ పరుగెత్తడమే దీనికి ముఖ్య కారణము. బరువుకు తగినట్టు ఎముక గట్టిపడడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వ్యవధి మనము ఇవ్వాలి.

మొదట రెండు నుండి నాలుగు వారాలు పరుగు ఆపాలి. నొప్పి లేకపోతే సైకిలు తొక్కవచ్చును. మంచుగడ్డను గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు, రోజుకు మూడుసార్లు పెట్టాలి. నొప్పి తగ్గాక గోడ పట్టుకొని మడమలు పైకెత్తి దించుతూ పిక్కలను బలపరచుకోవాలి. తరువాత మెత్తని నేల మీద, సగము దూరముతో మొదలుపెట్టి, వారానికి పదోవంతు చొప్పున పెంచాలి. అరిగిన బూట్లు మార్చాలి. కడుపునిండా తినాలి.

నొప్పి మాత్ర మింగి పరుగెత్తకూడదు. గట్టి మర్దన, వాతలు వద్దు.

వేలితో నొక్కితే ఒకే చోట తీవ్రమైన నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నా నొప్పి తగ్గకపోయినా, ఒంటికాలి మీద గెంతలేకపోయినా ఎముకలో సన్నని పగులు ఉండవచ్చును. వెంటనే డాక్టరుకు చూపించాలి. మొదటి ఎక్స్‌రేలో అది కనబడకపోవచ్చును గనుక నొప్పి ఉన్నంతవరకు పరుగు వద్దు. ఆడపిల్లలకు నెలసరి తప్పుతుంటే అది కూడా చెప్పాలి.

అహాబు రథమునకు ముందుగా పరుగెత్తిన ఏలీయా మరుసటి అధ్యాయములో బదరీవృక్షము క్రింద సొమ్మసిల్లి పడుకున్నాడు. దేవుడు ఆయనను గద్దించలేదు. రొట్టె, నీళ్లు, నిద్ర ఇచ్చిన తరువాతనే హోరేబు ప్రయాణమునకు పంపెను. తల్లిదండ్రులారా, ఈ రాత్రి ప్రార్థన అయ్యాక మీ బిడ్డను, “కాలు ఎట్లుంది నాయనా?” అని అడగండి. విశ్రాంతి తీసుకోవడము ఓడిపోవడము కాదని ఆ బిడ్డ మీ నోట వినాలి.