ల్యాబ్ ఉన్న రోజు నీళ్లు తాగం

మూడు గంటల ల్యాబ్ ఉంటే మా క్లాస్ అమ్మాయిలం పొద్దున్నుంచీ నీళ్లు తాగం. ఆ ఫ్లోర్‌లో లేడీస్ టాయ్‌లెట్‌కి ఎప్పుడూ తాళమే. పోయిన సెమ్‌లో నాకు యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చింది, ఒకటే మంట. "వేడి చేసిందిలే, మజ్జిగ తాగు" అంది అమ్మమ్మ. డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించారు. మూత్రం సంచి నుంచి బయటికొచ్చే గొట్టం, యురెత్రా, అమ్మాయిలకి సుమారు 4 సెంటీమీటర్లే. అబ్బాయిలకి దాదాపు 20. పైగా మలద్వారం దగ్గర్లోనే. అందుకే ఈ.కోలై బ్యాక్టీరియా తేలిగ్గా లోపలికి ఎక్కేస్తుంది. నీళ్లు తాగి, ఆపుకోకుండా వెళ్తుంటే చాలావరకు కొట్టుకుపోతుంది. ఆ దారీ, పీరియడ్స్ వచ్చే దారీ వేర్వేరని కూడా నాకు అప్పుడే తెలిసింది. టెన్త్ బయాలజీలో మార్కులు అడక్కండి, బాగానే వచ్చాయి.

ఫీడ్‌బ్యాక్ ఫామ్‌లో ఈసారి "ఇన్‌ఫ్రా ఇంప్రూవ్ చేయాలి" అని రాయలేదు. "ల్యాబ్ ఫ్లోర్ టాయ్‌లెట్ తాళం తీయండి" అని రాశా. అబ్బాయిలూ, మీరూ అదే రాయండి.