వాళ్ల వసంతం, మన కార్తీకం

ఫాల్గుణం సగం దాటగానే మిద్దెతోటల లోకంలో ఒక పిలుపు మొదలవుతుంది: వసంతం వస్తోంది, విత్తనాలు తీయండి! వీడియోల నిండా ప్రో ట్రేలు, కొబ్బరి పొట్టు, టమాటా ప్యాకెట్లు, కొత్తిమీర, లెట్యూస్, పార్స్‌లీ. ఉగాది నాడు విత్తితే శుభమని ఒకరు, ప్రకృతి మేల్కొనే వేళ మనమూ మట్టిని తాకాలని మరొకరు. వినడానికి ఇంపుగానే ఉంటుంది. కానీ తెలుగు నేల మీద, అందులోనూ కాంక్రీటు మిద్దె మీద, ఈ మొక్కలకు విత్తనం వేయడానికి ఏడాది మొత్తంలో ఇంతకంటే చెడ్డ కాలం లేదు. చైత్ర వైశాఖాలకు పంచాంగం వసంతమని పేరు పెట్టింది నిజమే. కానీ విత్తనం పంచాంగం చదవదు. మట్టి ఎంత వేడిగా ఉంది, ఎంత తడిగా ఉంది, పగలు ఎంత పొడుగుంది అన్నవే దానికి తెలుసు.

ఆ పిలుపు పుట్టిన చోట దానికి అర్థం ఉంది. అమెరికాలో న్యూజెర్సీనే తీసుకోండి. అక్కడ ఏప్రిల్ చివరి దాకా, కొన్నిచోట్ల మే మధ్య దాకా రాత్రిళ్లు మంచు గడ్డకట్టే భయం ఉంటుంది. అక్టోబరు వచ్చేసరికి ఆ భయం మళ్లీ మొదలు. ఈ మధ్యలో దొరికే అయిదారు నెలల్లోనే టమాటా నాటుకోవాలి, పూయాలి, పండాలి. అందుకే చివరి మంచు తేదీ లెక్కగట్టి, దానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే ఇంటి లోపల, విద్యుద్దీపాల కింద, అడుగున వేడి చాప పరచి నారు పోసుకుంటారు. గోంగూర, బెండ, దోస మీద మమకారం చంపుకోలేక అక్కడి మన తెలుగువాళ్లు చేస్తున్నదీ అదే. వాళ్లు చేస్తున్నది సబబే. వెచ్చని రోజులు చాలకపోవడం వాళ్ల బాధ, వెచ్చదనం మితిమీరడం మన బాధ. చలి జ్వరానికి ఇచ్చిన మందును వడదెబ్బ తగిలినవాడికి పోస్తే ఎలా ఉంటుందో, వాళ్ల వసంతపు పద్ధతిని మన వసంతంలో పాటించడం అలాగే ఉంటుంది.

ఆ మాటకొస్తే అమెరికా అంతటికీ ఒకటే వసంతం లేదు. డాలస్ ప్రాంతంలో మార్చి మధ్యకల్లా మంచు భయం దాదాపు తీరిపోతుంది. నడివేసవి ఎండలకు అక్కడి టమాటా కాపు ఆపేస్తుంది. అందుకని తెలిసినవాళ్లు వేసవి మధ్యలో మళ్లీ మొక్కలు నాటి, శరదృతువులో రెండో కాపు తీసుకుంటారు. మెల్‌బోర్న్‌లో ఉన్న తెలుగు కుటుంబానికైతే వసంతం సెప్టెంబరులో మొదలవుతుంది. ఆ దేశాల తోటగాళ్లే ఊరికో లెక్క వేసుకుంటుంటే, హైదరాబాదు, విజయవాడల వాళ్లం న్యూజెర్సీ లెక్కను మార్చకుండా తెచ్చుకోవడంలో ఏం తెలివి ఉంది?

మన లెక్క ఏమిటో టమాటాతోనే చూద్దాం. ఉగాది మార్చి చివరలో వచ్చిందనుకుందాం. ఆ రోజు నారు పోస్తే, నాటడానికి వీలైన మొక్క కావడానికి పాతిక ముప్పై రోజులు పడుతుంది. అంటే ఏప్రిల్ చివర. నాటిన నెల రోజులకు పూత వస్తుంది. అంటే మే చివర. సరిగ్గా రోహిణి కార్తె! రోళ్లు పగిలే ఎండలని పెద్దలు పేరు పెట్టిన రోజుల్లో టమాటా మొదటి పూత పూస్తుంది. పగటి వేడి 35 డిగ్రీలు, రాత్రి వేడి 24 డిగ్రీలు దాటినప్పుడు టమాటా పుప్పొడి సత్తువ కోల్పోతుంది. పువ్వు పిందె పట్టకుండానే రాలిపోతుంది. హైదరాబాదులో మే పగళ్లు 40 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటాయి, రాత్రులు సగటున 26 డిగ్రీల దగ్గర ఉంటాయి. విజయవాడ రాత్రులు ఇంకా ఉక్క. మొక్క పచ్చగానే ఉంటుంది, పూత కూడా వస్తుంది, కాయ మాత్రం ఉండదు. అప్పుడు ఆ ఇంటివాళ్లు ఎరువు మారుస్తారు, పుల్ల మజ్జిగ చల్లుతారు, వేపనూనె కొడతారు. లోపం ఎరువులో లేదు, విత్తిన తేదీలో ఉంది.

మరి వేసవిలో మార్కెట్టుకు టమాటా ఎక్కడి నుంచి వస్తోందని అడగవచ్చు. చాలా వరకు మదనపల్లె నుంచి. ఆ ఊరు సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి మంచిదనే క్షయ రోగుల కోసం పక్కనే ఆరోగ్యవరంలో ఆసుపత్రి కట్టారు. ఆ చల్లదనమే అక్కడ వేసవి టమాటాను నిలబెడుతోంది. అయినా వేసవి ముగిసి వానలు మొదలయ్యే వేళకు చాలా ఏళ్లు టమాటా ధర చుక్కలనంటుతుంది. 2023 జూలైలో కిలో వంద దాటి, కొన్నిచోట్ల రెండు వందలకు చేరిన సంగతి ఏ గృహిణీ మరిచిపోలేదు. ఎండల్లో పూత నిలవకపోవడం, ఆపై వానలు, చీడపీడలు కలిసి సరుకును తగ్గిస్తాయి. తరతరాలుగా ఇదే సేద్యం చేస్తున్న రైతుకే గండమైన రోజుల్లో, నల్ల గ్రో బ్యాగులో పిడికెడు మట్టితో మనం నెగ్గుకొస్తామనుకోవడం దురాశ.

కొత్తిమీర సంగతీ అంతే. ధనియం చూడటానికి ఒక గింజే గానీ దానిలో రెండు విత్తులుంటాయి. నలిపి రెండు బద్దలు చేసి వేయాలని అందరూ సరిగ్గానే చెబుతారు. ఎప్పుడు వేయాలన్న దగ్గరే తప్పుతారు. మట్టి కాగుతున్నప్పుడు ధనియం సగానికి సగం మొలవదు. మొలిచింది కూడా నాలుగాకులు వేసి, వేడికి బెదిరి, కాడ సాగదీసి పూతకు పోతుంది. ఎండాకాలం బజారులో కొత్తిమీర కట్ట సన్నబడి ధర పెరగడానికి కారణమూ ఇదే. లెట్యూస్ విత్తనమైతే మట్టి వేడి 30 డిగ్రీలకు చేరితే చాలు, మొలవడం మానేసి నిద్రపోతుంది. మెంతి, క్యారెట్, క్యాబేజీ, పార్స్‌లీ, అన్నీ ఈ వరసలోవే. ఇవి చెడ్డ మొక్కలు కావు. మనం వాటిని పిలిచిన వేళ చెడ్డది.

వేడి ఒక్కటే కాదు, పగటి పొడవు కూడా లెక్కే. హైదరాబాదులో డిసెంబరు పగలు సుమారు 11 గంటలు, జూన్ పగలు సుమారు 13 గంటలు. రెండు గంటల తేడా మనకు పట్టదు, చిక్కుడుకు పడుతుంది. మన పాత తీగ చిక్కుడు రకాలు పగలు కురచబడితే తప్ప పూతకు రావు. ఉగాదికి విత్తిన చిక్కుడు పందిరి నిండా పాకి, నీళ్లు తాగి, పేనుబంకకు నెలవై, ఆరేడు నెలలు ఒక్క కాయ ఇవ్వదు. అదే చిక్కుడును తొలకరిలో విత్తినవాళ్లు కూడా దాదాపు అదే రోజుల్లో కాయ కోస్తారు. రథసప్తమి నాడు చిక్కుడుకాయలతో రథం కట్టే ఆచారం మాఘంలో ఎందుకుందంటే, అప్పటికి పందిళ్లు కాయలతో నిండి ఉంటాయి గనుక. పగటి పొడవుతో పనిలేని పొద చిక్కుడు రకాలను బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ తయారు చేసింది. అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే. అవి తెచ్చుకున్నవాళ్ల మాట వేరు. పెరటి పాత విత్తనాన్ని వసంతంలో నాటినవాళ్లకు మాత్రం మిగిలేది ఆకే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. వసంతంలో ప్రకృతి మేల్కోవడం అబద్ధమా? వేప పూయడం లేదా, మామిడి కాయడం లేదా, రావి చివురించడం లేదా? అబద్ధం కాదు. కానీ అవన్నీ చెట్లు. లోతుకు దిగిన వేళ్లు, ఏడాదంతా కూడబెట్టుకున్న సత్తువ వాటికున్నాయి. పైగా మామిడి పూత శీతాకాలంలోనే వచ్చింది, ఉగాది పచ్చడిలో మనం వేసుకునేది దాని కాయను. విత్తనానికి ఉన్నదల్లా పైనున్న వేలెడు మట్టిలోని తడి. మధ్యాహ్నానికల్లా ఆ వేలెడు మట్టే అందరికంటే ముందు ఆరిపోతుంది. చెట్ల వసంతాన్ని చూపించి విత్తనాల వసంతమని చెప్పడంలోనే అసలు మోసం ఉంది.

మన వ్యవసాయ సంప్రదాయం ఈ రెంటినీ ఎప్పుడూ కలిపి చూడలేదు. ఉగాది పంచాంగ శ్రవణానికి, ఆ ఏటి వానల లెక్క వినడానికి. నాగలి కట్టి విత్తు పనికి పూజ చేసేది జ్యేష్ఠంలో, ఏరువాక పున్నమి నాడు. మృగశిర వచ్చి ముంగిలి చల్లబడ్డాకే విత్తనం గాదె దిగేది. నీటి వసతి ఉండి వేసవి కూరగాయలు పండించే రైతు కూడా ఉగాది దాకా ఆగడు. బెండ, బీర, సొర, కాకర విత్తనాలు జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే వేస్తాడు. ఎండ ముదిరేసరికి తీగ పందిరెక్కి, తన నీడ తానే చూసుకుంటుంది. ఇది వింటే కార్తెలను గుడ్డిగా పట్టుకు వేలాడమంటున్నానని కొందరు అనుకోవచ్చు. కాదు. కార్తెల లెక్క వర్షాధార పొలాలకు పుట్టింది, కుళాయి నీళ్ల కుండీలకు అది మక్కీకి మక్కీ అతకదు. దాని వెనకున్న బుద్ధి మాత్రం అతుకుతుంది. ఆకాశాన్నీ నేలనూ చూసి విత్తమంటుంది అది, ప్యాకెట్టు వెనక అచ్చయిన నెల చూసి కాదు.

ఆ బుద్ధితో చూస్తే, ప్యాకెట్టు మీద వాళ్లు రాసిన వసంతం మన దగ్గర కార్తీకంలో వస్తుంది. వానలు వెనకబడి, రాత్రులు చల్లబడి, ఎండ మెత్తబడే రోజులవి. డిసెంబరులో హైదరాబాదు పగళ్లు 28 డిగ్రీల దగ్గర, రాత్రులు 15 డిగ్రీల దగ్గర ఉంటాయి. టమాటా, కొత్తిమీర, మెంతి, క్యారెట్, ముల్లంగి, పాలకూర, లెట్యూస్ అన్నీ కోరుకునేది ఈ వాతావరణాన్నే. దసరాకు నారు పోసి దీపావళి దాటాక నాటినవాడికి సంక్రాంతి నాటికి టమాటా పండుతుంది. అరకు, లంబసింగి లాంటి ఎత్తైన చోట్ల ఇంకొంత వెసులుబాటు ఉంటుంది. మైదానంలో అది లేదు.

రెండో అభ్యంతరం ఆకుపచ్చ షేడ్ నెట్. సగం ఎండను ఆపే వల కట్టి రోజుకు రెండుసార్లు నీళ్లు పోస్తే ఏదైనా పెరుగుతుందని వాదిస్తారు. వల పగటి ఎండను ఆపుతుంది, ఆకు మాడకుండా కాపాడుతుంది. ఉన్న మొక్కలను వేసవి దాటించడానికి అది మంచి సాధనమే. కానీ రాత్రి వేడిని ఏ వలా ఆపలేదు. పొద్దంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా సెగలు కక్కుతూనే ఉంటుంది. టమాటా పూతను రాల్చేది ఆ సెగ కూడా. వేడిని కొంత తట్టుకునే సంకర రకాలున్నాయి, నిజమే. అవీ కొంతవరకే. తాగునీటికి ట్యాంకర్ల కోసం ఎదురుచూసే నెలల్లో కాయని మొక్కకు రోజూ రెండు బకెట్లు పోయడం తోటపని అనిపించుకోదు.

అలాగని వేసవిలో మిద్దె మీద ఏమీ పండదనేవాళ్లతోనూ నాకు పొత్తు లేదు. వాళ్లది రెండో మూఢనమ్మకం. ఎండను ఇష్టపడే మొక్కలు మనకు కొల్లలు. మొదటిది తోటకూర. గింజ ఆవగింజ కంటే చిన్నది, ఇసుకతో కలిపి చల్లి పైపైన కప్పితే చాలు. సాయంత్రం విత్తి, తడిపిన గోనెపట్టా పరచి, మొలక కనిపించిన రోజే దాన్ని తీసేయాలి. పాతిక ముప్పై రోజుల్లో కూరకు వస్తుంది. బచ్చలి మొలవడానికి కాస్త బద్ధకిస్తుంది గానీ, ఒకసారి లేచిందంటే ఎండ ఎంత కాస్తే అంత పాకుతుంది. గోంగూర మరీ తెలివైనది. చిక్కుడు లాగానే దానికీ పగలు కురచబడితేనే పూత. చిక్కుడుకు కాయ కావాలి కాబట్టి అది మనకు నష్టం, గోంగూరకు ఆకు కావాలి కాబట్టి ఇది లాభం. వసంతంలో విత్తిన గోంగూర నెలల తరబడి పూత మాట తలపెట్టకుండా ఆకు వేస్తూనే ఉంటుంది. బెండను రాత్రంతా నానబెట్టి ఫాల్గుణంలోపే నాటితే మేలు. ఆలస్యమైతే తెల్లదోమ ముసిరి, దాని వెంట పల్లాకు తెగులు తెస్తుంది.

మూలికలు కావాలా? వేసవి చలువకని వంటింట్లో నానబెట్టుకునే సబ్జా గింజలే తీసి చల్లండి. స్వీట్ బేసిల్ అని ఖరీదైన ప్యాకెట్లలో అమ్మేది ఈ జాతి విత్తనమే. అది వెచ్చదనంలోనే హాయిగా మొలుస్తుంది. తులసీ అంతే. పుదీనాకు, వామాకుకు విత్తనంతో పనేలేదు, కాడ గుచ్చితే చాలు.

ఇంత చిన్న విషయానికి ఇంత వాదమా అంటే, అవును. మనవాళ్లలో ఒక మాట ఉంది: ఫలానావాళ్ల చేయి మంచిది, ఏం పెట్టినా బతుకుతుంది. దానికి అవతలి వైపు కూడా ఉంది. ఉగాదికి ఉత్సాహంగా ట్రే నింపి, జూన్‌కల్లా ఎండిన కాడలు పీకి పారేసిన మనిషి తన చేయి మంచిది కాదనుకుని తోట మానేస్తాడు. విత్తనాలు అమ్మినవాడికి, వీడియో చేసినవాడికి ఆ నష్టం తెలియదు. వచ్చే వసంతానికి వాళ్లకు ఇంకో కొత్త మనిషి దొరుకుతాడు. కాబట్టి ఇక్కడ అమ్మే ప్రతి ప్యాకెట్టు మీద ఆ విత్తనం ఎన్ని డిగ్రీల మట్టిలో మొలుస్తుందో, ఆ మొక్క ఎంత వేడి దాకా కాపు నిలుపుతుందో అచ్చువేయాలి. సలహా చెప్పేవాళ్లు ఏ ఊరికి చెబుతున్నారో ముందు చెప్పాలి. కొనేవాళ్లం ఆ రెండూ అడగాలి. అప్పటిదాకా ఉగాదికి గోంగూర, తోటకూర చల్లుకుని, టమాటా ప్యాకెట్టును గాలి చొరని డబ్బాలో పెట్టి దసరా దాకా ఫ్రిజ్‌లో దాచుకోవడం ఉత్తమం.