పిల్లలు – సంగీత పరీక్షలు



సారంగపాణి పదాలు వెలసిన కార్వేటినగరం మనది. నేడు మన పిల్లలు ఆరాధనలో కీబోర్డు వాయించాలని ఆశపడుతున్నారు. గ్రేడు పరీక్ష అనగానే జడుస్తున్నారు.

లండనులోని ట్రినిటీ కాలేజీ 1877 నుండి సంగీత పరీక్షలు జరుపుతోంది. ఉదాహరణకు, పరీక్షకుని యెదుట వాయించే పియానో పరీక్షలో 100 మార్కులకు 66 మూడు పాటలకే. 60 వస్తే ఉత్తీర్ణులు. చూసి వాయించడం, విని చెప్పడం వంటి నాలుగు చిన్న పరీక్షలలో, 5వ గ్రేడు వరకు, బిడ్డ తనకు అనువైన రెండింటిని ఎంచుకోవచ్చు. కింది గ్రేడు ముగించి తీరాలన్న నిబంధన కూడా లేదు.

కనుక తొందరపెట్టకండి, పొరుగు పిల్లలతో పోల్చకండి. నచ్చిన పాటతో మొదలుపెట్టించి, ప్రతిదినము కొంతసేపు కూర్చోబెట్టండి. సర్టిఫికెట్టు గోడకెక్కి, కీబోర్డు మూలబడితే ఏమి లాభం?