వాన కోసం కాచుకున్న వారం

పిల్లలూ, ఈ నెల మనం సేలం వెళుతున్నాం. సేలం అనగానే మీకు మామిడిపళ్ళు జ్ఞాపకం రావచ్చు. ఆ సేలం తమిళనాడులో ఉన్నది. ఇది వేరు. అమెరికాకు పడమటి చివర, పసిఫిక్ మహాసముద్రాన్ని ఆనుకుని ఆరెగాన్ అనే రాష్ట్రం ఉన్నది. దానికి ముఖ్యపట్నం ఈ సేలం. ఊరికి పడమట కొన్ని చిన్న కొండలు, వాటి ఆవల సముద్రం. తూర్పున కాస్కేడ్ అనే పెద్ద పర్వతాల వరస. ఆ పర్వతాల మీద డగ్లస్ ఫర్ అనే చెట్లు మన తాటిచెట్టుకు రెండింతలు ఎత్తు పెరిగి, పట్టపగలు కూడా కింద చీకటిగా ఉండేటంత దట్టంగా ఉంటాయి.

మనం వెళ్ళేది 2020 సెప్టెంబరు నెలలోకి. సేలంకు తూర్పున, కొండలు మొదలయ్యేచోట ఒక ఇల్లున్నదనుకోండి. ఇంట్లో అమ్మ, నాన్న, నాయనమ్మ, ఒక చెల్లెలు, ఒక కుక్క. ఆ ఇంటి పెద్దబిడ్డ మీరే అనుకోండి. ఇల్లూ, ఇంట్లోవాళ్ళూ నేను కల్పించినవాళ్ళే గాని, ఇంటి చుట్టూ జరిగినదంతా నిజంగా జరిగినదే.

ముందు అక్కడి ఋతువుల సంగతి కొంచెం తెలియాలి. మనకు శరత్తు వచ్చిందంటే వానలు వెళ్ళిపోయాయన్నమాట. ఆకాశం తేటపడుతుంది, చెరువులు నిండి ఉంటాయి, వెన్నెల తెల్లగా కాస్తుంది. ఆరెగాన్‌లో సరిగా దీనికి తలకిందులు. అక్కడ జూలై, ఆగస్టు నెలల్లో వాన దాదాపు ఉండదు. శరత్తుతోనే వానలు మొదలై చలికాలమంతా కురుస్తాయి. వాళ్ళు ఈ ఋతువును ‘ఫాల్’ అంటారు, అంటే రాలడం. ఆకులు రాలే కాలమనీ, వానలు వచ్చే కాలమనీ కూడా వాళ్ళకు తెలుసు. అందుచేత మన నల్లమల అడవులకు ఎండాకాలంలో, తొలకరికి ముందు నిప్పు భయం ఉన్నట్టే, వాళ్ళ అడవులకు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నిప్పు భయం ఉంటుంది. ఎక్కడైనా అడవి బాగా ఎండేది వానలకు ముందేగదా!

ఆ సంవత్సరం ఆగస్టు నడుమ, సేలంకు తూర్పున కొండల్లో బీచీ క్రీక్ అనేచోట మంట ఒకటి కనిపించింది. మనుషులు దిగి ఆర్పడానికి వీలులేని ఏటవాలు చోటది. మూడు వారాలు గడిచినా అది వెయ్యి ఎకరాలకు లోపలే, రాజుకుంటూ ఉండిపోయింది. సెప్టెంబరు 7, సోమవారం రాత్రి గాలి తిరిగింది. తెల్లవారేసరికి ఆ మంట లక్ష ఎకరాలు దాటింది!

ఇంత పని గాలి ఎట్లా చేసింది? మామూలుగా అక్కడ గాలి సముద్రం మీదినుంచి వీస్తుంది, చల్లగా, తేమగా ఉంటుంది. ఆ రాత్రి తూర్పునుంచి, పర్వతాల అవతలి ఎండిన మెట్టభూముల మీదినుంచి వీచింది. పర్వతం ఎక్కి ఇవతలికి దిగేటప్పుడు గాలి ఇంకా వేడెక్కుతుంది. మీరు సైకిలుకు గాలి కొట్టినప్పుడు పంపు అడుగున చెయ్యిపెట్టి చూశారా? వెచ్చగా ఉంటుంది. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. పైనుంచి కిందికి దిగేకొద్దీ మీదనున్న గాలి బరువు ఎక్కువవుతుంది గనక, దిగే గాలి నొక్కుకుపోతుంది. ఒక కిలోమీటరు దిగితే దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి దాహంతో ఉన్నట్టు ఆకుల్లో, పుల్లల్లో మిగిలిన కాస్త తేమను కూడా తాగేస్తుంది. దానికితోడు ఆ రాత్రి గాలివేగం చాలాచోట్ల గంటకు 80 కిలోమీటర్లు దాటింది. కరెంటు తీగలు తెగిపడి కొత్త మంటలు పుట్టాయి. గేట్స్ అనే ఊళ్ళో, మంట ఆర్పడానికి వచ్చినవాళ్ళ మకాం దగ్గరే నిప్పు అంటుకుని, వాళ్ళే పరుగెత్తవలసి వచ్చింది.

మంగళవారం పొద్దున మీరు నిద్రలేచారు. గడియారం ఎనిమిదయింది గాని కిటికీలో వెలుగు లేదు. ఆకాశం కుంకుమరంగులో ఉన్నది. చెల్లెలు ఇంకా తెల్లవారలేదనుకుని దుప్పటి కప్పుకుని మళ్ళీ పడుకున్నది. ఎండలో అన్ని రంగులూ ఉంటాయని మీకు తెలుసు. పొగలోని సన్నని నలుసులు నీలం, ఆకుపచ్చ రంగులను దారిలోనే చెదరగొట్టి, పీల్చేసి, ఎరుపును మాత్రం కిందికి రానిచ్చాయి. పెరట్లో తెల్లగా ఏదో రాలుతున్నది. మంచు కాదు, బూడిద. డగ్లస్ ఫర్ సూదాకులు కాలి, రూపు చెడకుండా రాలాయి. ముట్టుకుంటే పొడి అయిపోయాయి.

సెల్‌ఫోనుకు కబురు వచ్చింది. అక్కడ ఇళ్ళు ఖాళీ చేయించడానికి మూడు మెట్లున్నాయి. మొదటి మెట్టు, సిద్ధపడండి. రెండో మెట్టు, క్షణంలో బయలుదేరేటట్టుండండి. మూడోది, ఇప్పుడే వెళ్ళండి. మీ ఇల్లు రెండో మెట్టులో ఉన్నది.

నాన్న కారులో పెట్రోలు నిండా పోయించి తెచ్చి, మూతి వీధివైపు ఉండేటట్టు నిలిపాడు. అమ్మ కాగితాలూ, మందులూ, కళ్ళద్దాలూ, తాగే నీళ్ళూ, పాత ఫొటోలూ సర్దింది. మీకూ చెల్లికీ ఒక్కొక్క సంచి ఇచ్చి, “ఇందులో పట్టినవే మీవి,” అన్నది. ఇక్కడ చదవడం ఆపి, మీ సంచిలో ఏం పెడతారో ఒక్క నిమిషం ఆలోచించండి. చెల్లెలు ముందు బొమ్మలు పెట్టి, తరువాత అవన్నీ తీసేసి కుక్కపిల్ల గిన్నె పెట్టింది.

వెళ్ళేటప్పుడు చెయ్యవలసిన పనుల జాబితా ఒకటి గోడకు అంటించారు. అది చదివితే మీకు నవ్వు వస్తుంది. కిటికీలూ తలుపులూ అన్నీ మూయాలి, కాని తాళం వెయ్యకూడదు. దీపాలన్నీ వెలిగించి వెళ్ళాలి! రోజూ దీపం ఆర్పలేదని కోప్పడే అమ్మే ఈ మాట రాసింది. ఎందుకో తెలుసా? దట్టమైన పొగలో మంటలార్పేవాళ్ళకు ఇల్లెక్కడున్నదో కనిపించాలి. అవసరమైతే వాళ్ళు లోపలికి రాగలగాలి. మరొకటి, ఇల్లు తడుస్తుందిలే అని కుళాయిలు విప్పి వెళ్ళకూడదు. ఇంటింటా అట్లా చేస్తే, మంటలార్పేవాళ్ళ గొట్టాల్లోకి నీళ్ళు జోరుగా రావు.

మీకు అప్పగించిన పని చిన్నదిగా కనిపిస్తుంది గాని చాలా ముఖ్యమైనది. అడవి మంట ఇంటిని కాల్చడమంటే, మంట నడిచివచ్చి గోడను తాకడమని అనుకుంటాం. ఎక్కువ ఇళ్ళు అట్లా కాలవు. మంటకు చాలా ముందుగా నిప్పురవ్వలు గాలిలో ఎగిరివచ్చి, చూరుకింది రేకు కాలవలో పేరుకున్న ఎండుటాకుల మీదా, గుమ్మం ముందు పరిచిన నారపట్ట మీదా, గోడకు చేరేసిన కట్టెల మీదా పడతాయి. అక్కడ రాజుకుని ఇల్లు అంటుకుంటుంది. అందుచేత ముక్కుకు గుడ్డ కట్టుకుని, నాన్న నిచ్చెన మీదినుంచి తోసిన సూదాకులను మీరు బస్తాల కెత్తారు. కట్టెలను పెరటి చివరికి మోశారు. గుమ్మం పట్టా, కొబ్బరిపుల్లల వంటి ఎండు చీపురూ లోపల పడేశారు.

అంతా సిద్ధమయింది, నాయనమ్మ తప్ప. ఆమె తన కుర్చీలోనుంచి కదలలేదు. “యాభై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నాను. పర్వతాలకు ఈ వైపు అడవి తడి అడవి. ఇది కాలదు,” అన్నది.

ఆమె మాట పూర్తిగా తప్పు కాదు. కాస్కేడ్ పర్వతాలకు పడమటి అడవులు అరుదుగా కాలుతాయి. ఒకసారి కాలిన తావు మళ్ళీ కాలడానికి వందల ఏళ్ళు పట్టవచ్చు. వేసవి చివర అడవి బాగా ఎండి, ఎక్కడో నిప్పు ఉండి, సరిగా అప్పుడే తూర్పుగాలి తిరిగితే మాత్రం అవి ఆగకుండా కాలుతాయి.

నాన్న ఏమో చెప్పబోయాడు. అమ్మ ఆయనను వారించి, “అత్తయ్యా, మీరు బళ్ళో చదివే రోజుల్లో మొక్కలు నాటారే, ఆ అడవి ఏ వైపుది?” అని అడిగింది.

నాయనమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. ఆ అడవి పేరు టిలమూక్. అది సముద్రానికి మరీ దగ్గర, మీ ఊరికన్న ఎక్కువ వాన పడే చోటు. అయినా 1933 ఆగస్టులో అంటుకున్నది. మళ్ళీ 1939లో, 1945లో, 1951లో కాలింది. ఆరేళ్ళకొకసారి కాలుతుందని జనం దాన్ని శాపం అన్నారు. 1949 నుంచి దాన్ని తిరిగి నాటడం మొదలుపెట్టారు. బడిపిల్లలను కూడా బస్సుల్లో తీసుకుపోయి మొక్కలు నాటించారు. అలా చేతులతో నాటిన మొక్కలు 7 కోట్లకు పైగా ఉన్నాయి. 1973లో దానికి టిలమూక్ రాష్ట్ర అడవి అని పేరు పెట్టారు. నల్లటి మోళ్ళ మధ్య గుంట తీసి మొక్క పెట్టడం నాయనమ్మకు బాగా జ్ఞాపకం.

“నా నీలం సంచీ పైన ఉన్నది, తీసుకురా,” అన్నది నాయనమ్మ మీతో.

ఇక కాచుకోవడం మిగిలింది. పని చెయ్యడం తేలికే గాని, కాచుకోవడం కష్టం. రాత్రుళ్ళు అమ్మా నాన్నా వంతులువేసుకుని మేలుకున్నారు. అందరూ బయటికి వెళ్ళే బట్టలతోనే పడుకున్నారు. రోడ్డు మీద గుర్రాలనూ మేకలనూ ఎక్కించిన బళ్ళు సేలంవైపు పోతున్నాయి. రాష్ట్ర సంత జరిగే మైదానంలో మనుషులకూ జంతువులకూ కూడా చోటిచ్చారు. కొండల్లోని డిట్రాయిట్ అనే చిన్న ఊరు చాలావరకు కాలిపోయిందని తెలిసింది. రాష్ట్రానికి దక్షిణాన టాలెంట్, ఫీనిక్స్ అనే ఊళ్ళలో ఒక్కరోజులోనే రెండువేలకు పైగా ఇళ్ళు కాలాయి. రాష్ట్రమంతా కలిపి 4,000కు పైగా ఇళ్ళూ, 10 లక్షలకు పైగా ఎకరాలూ పోయాయి. మనుషులు కూడా చనిపోయారు. 5 లక్షలమంది, అంటే రాష్ట్రంలో ప్రతి ఎనిమిది, తొమ్మిదిమందిలో ఒకరు, ఏదో ఒక మెట్టులో ఉన్నారు. ఇల్లు వదిలి వెళ్ళవలసి వచ్చినవాళ్ళు 40,000 మంది.

గాలి ఎంత శుభ్రమో చెప్పడానికి ఒక లెక్క ఉన్నది. 50 లోపల ఉంటే మంచి గాలి, 300 దాటితే ప్రమాదం. ఆ కొలబద్ద 500తో ముగుస్తుంది. ఆ వారం సేలంలో అది 500 దాటింది. పొగలో మనకు హాని చేసే నలుసులు రెండున్నర మైక్రాన్లకన్న సన్ననివి. తలవెంట్రుక మందంలో ఇరవయ్యోవంతు కూడా ఉండవు. గుడ్డ ముసుగు వాటిని ఆపలేదు. కరోనా మూలంగా అందరి దగ్గరా గుడ్డ ముసుగులున్నాయి, ఏం లాభం? నాన్న ఒక బల్ల పంకాకు వెనక, కొలిమిగదిలో గాలి వడగట్టే అట్టను టేపుతో అంటించాడు. రెండు రోజులకే ఆ తెల్ల అట్ట బూడిదరంగుకు తిరిగింది. చెల్లికి అది వింతగా ఉన్నది, గంటగంటకూ వెళ్ళి చూసివచ్చేది. ఉత్తరాన హిల్స్‌బరో, బీవర్టన్ ఊళ్ళల్లో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఆ వారం ఇదే బాధ.

బుధవారం తరువాత తూర్పుగాలి తగ్గింది. మంట పరుగు మాని నడక పట్టింది. కాని గాలి ఆగినందువల్ల పొగ లోయలోనే నిలిచిపోయింది. మీ ఇల్లు రెండో మెట్టునుంచి ఒకటో మెట్టుకు దిగినా సంచులు కారులోనే ఉన్నాయి. ఆకాశం ఎప్పుడు చూసినా పాత ఇత్తడి పళ్ళెంలాగా ఉన్నది. నాయనమ్మ మాత్రం రోజూ పడమటి కిటికీ దగ్గర నిలబడి సముద్రం వైపు చూసేది.

17వ తేదీ రాత్రి ఉరిమింది. (ఆరోజు మన పంచాంగంలో మహాలయ అమావాస్య.) మెరుపు చూసి అమ్మ కంగారుపడింది, ఎందుకంటే మెరుపులు కూడా అడవిని అంటిస్తాయి. తరువాత వాన చప్పుడు వినపడింది. మీరు ఖాళీ చేసిన రేకు కాలవలోంచి మొదట నల్లటి నీళ్ళు వచ్చాయి. కాసేపటికి బూడిదరంగు నీళ్ళు, తెల్లవారుజాముకు తేట నీళ్ళు. పొద్దున కిటికీ తీస్తే తడిమట్టి వాసనతో పాటు చల్లటి గాలి కొట్టింది. పది రోజుల తరువాత కొండలు కనిపించాయి. పెరటివెనక వైన్ మేపుల్ చెట్టు ఎప్పుడు ఎర్రబడిందో ఎవరూ గమనించనేలేదు. పగళ్ళు పొట్టి అయ్యేకొద్దీ ఆకులో పచ్చరంగు తయారవడం ఆగిపోతుంది, ఎర్రరంగు కొత్తగా తయారవుతుంది. ఆ పని ఆకులు పొగలోనే చేసుకున్నాయి.

ఆ వానతో మంటలన్నీ ఆరిపోలేదు. కొన్ని లోలోపల చాలా వారాలు రాజుకుంటూనే ఉన్నాయి. పైగా చెట్లు కాలిన కొండవాలున వేళ్ళు మట్టిని పట్టి ఉంచలేవు గనక, పెద్దవాన పడితే కొండచరియలు విరిగిపడతాయని దారులకు కాపలా పెట్టారు.

సంచులను మాత్రం విప్పారు. నాయనమ్మ నీలం సంచిలో ఆమె మందులూ, తాతయ్య ఫొటో ఒకటీ, పిడి అరిగిన చిన్న చేతిపార ఒకటీ ఉన్నాయి. డగ్లస్ ఫర్ మొక్కలను నేల బాగా నానిన చలికాలంలో నాటుతారు. కాలిపోయిన శాంటియం అడవిలో ఆ తరువాతి సంవత్సరాల్లో నాటడం మొదలుపెట్టారు. నాటేటప్పటికి ఆ మొక్క మూరెడు కూడా ఉండదు.