ముందు అమ్మలు చేరాలి

ఈ వారం ఊరగాయ జాడీల సంగతి రాస్తానన్నాను కదా! అది వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను, కోప్పడకండి. బళ్ళు తెరిచారు. ఇప్పుడు చెప్పకపోతే మళ్ళీ ఏడాది దాకా పనికిరాని ముచ్చట ఒకటి ఉంది.

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్ళే దారిలో, అడవి అంచున మా ఊరు. మా చిన్నది చదివే బడిలో గైడ్స్ దళం పెట్టాలని టీచరమ్మకు ఎంతో ఆశ. మగపిల్లలు స్కౌట్స్, ఆడపిల్లలు గైడ్స్. 10 ఏళ్ళు నిండిన పిల్లలు చేరవచ్చు. ఆరు నుంచి ఎనిమిది మంది కలిస్తే ఒక పెట్రోల్, అంటే ఒక చిన్న జట్టు. పోయిన ఏడాది పిల్లల్ని చేర్చుకోవడానికి ఒక సాయంత్రం సభ పెట్టాం. ఏర్పాట్లు నా నెత్తిన వేసుకున్నాను. మైకు, కుర్చీలు, పూలదండ, ముగ్గురు పెద్దల ఉపన్యాసాలు, అన్నీ ఘనంగానే జరిగాయి. చేరింది మాత్రం ఐదుగురు! ఒక్క జట్టుకు కూడా చాలలేదు. టీచరమ్మ ముఖం చూడలేకపోయాను. ఈసారీ ఇంతే అయితే ఇక ఆ మాటే ఎత్తనన్నది ఆవిడ.

తప్పెక్కడుందో ఆ సాయంత్రం తెలియలేదు. తర్వాత నాలుగు రోజులకు ఇంటి ముందు ఆగిన ఒక కోయ అక్క చెప్పింది. "ఆరింటికి మీటింగ్ అంటే ఎట్లా వస్తమమ్మా? మా గూడేనికి ఆటో ఐదింటికే పోతది. చీకట్లో పిల్లను తీసుకొని అడవిలో నడవాల్నా?" అన్నది. సిగ్గేసింది. మనం గడియారం చూసి టైము పెట్టాం, ఆటో చూసి పెట్టలేదు.

ఇంకో సంగతి కూడా అర్థమైంది. పిల్లలకు ఉత్సాహం మనం నూరిపోయక్కర్లేదు. 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర మగపిల్లల స్కౌట్ సభ జరుగుతుంటే, పిలవకుండానే కొందరు ఆడపిల్లలు వచ్చి "మమ్మల్నీ చేర్చుకోండి" అని నిలబడ్డారట. ఆ పట్టుదల వల్లే 1910లో గైడ్స్ మొదలైంది. మన దేశంలో ఆ రోజుల్లో విడివిడిగా ఉన్న స్కౌట్ సంఘాలు కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. మరుసటి ఏడాది గైడ్స్ కూడా అందులో కలిశారు. ఆడపిల్ల ఎప్పుడూ సిద్ధమే. ఒప్పుకోవాల్సింది ఇంట్లోవాళ్ళు. కాబట్టి ఆ సభ పిల్లలకు కాదు, అమ్మలకు పెట్టాలి.

ఈసారి సంత రోజు ఎంచుకున్నాం. ఆ రోజు గూడేల నుంచి ఆడవాళ్ళు ఎట్లాగూ ఊళ్ళోకి వస్తారు. మూడింటికి మొదలు, నాలుగున్నరకు ముగింపు. ఐదింటి ఆటో ఎవరికీ తప్పకూడదు. కబురు కాగితం మీద పంపలేదు. తొమ్మిదో తరగతి కోయ పిల్ల ఒకతి సంతలో తిరిగి తన భాషలోనే అందరికీ చెప్పింది. మైకు లేదు. కుర్చీల బదులు చాపలు పరిచాం.

ముందు టీచరమ్మ ముడులు చూపించింది. రీఫ్ నాట్ అంటే కుడి కొస ఎడమ మీదుగా, మళ్ళీ ఎడమ కొస కుడి మీదుగా వేసేది. దెబ్బకు కట్టు కట్టినప్పుడు చదునుగా కూర్చుంటుంది. తర్వాత గుంజకు తాడు బిగించే క్లోవ్ హిచ్ వేస్తుంటే, వెనకాల కూర్చున్న ఒకామె నవ్వింది. "ఇది మేకను కట్టే ముడే కదమ్మా" అని లేచి వచ్చి, టీచరమ్మ కన్నా ముందే వేసి చూపించింది! యాభై ఆకులకొక తునికాకు కట్ట చొప్పున ఎండాకాలమంతా కట్టే చేతులవి. పిల్లలంతా చప్పట్లు. ఆ తర్వాత అమ్మలంతా తాడు కోసం పోటీ పడ్డారు. పోయిన ఏడాది మూడు ఉపన్యాసాలు చేయలేని పని ఒక్క మేక తాడు చేసింది.

తర్వాత గోదావరి మాట వచ్చింది. భద్రాచలం దగ్గర 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే. వరద తగ్గాక విరేచనాలు పట్టుకుంటే ఏం చేయాలో పిల్లలే చేసి చూపారు. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి. "సిద్ధంగా ఉండు" అనే గైడ్ మాటకు ఇంతకన్నా వివరం ఎందుకు?

చివరగా ప్రశ్నలు. వీటికి జవాబులు ముందే తయారుగా పెట్టుకోండి. క్యాంపుకు పోతే వెంట ఏ ఆడ టీచరు ఉంటారు? రాత్రి ఎక్కడ పడుకుంటారు? నెలసరి వస్తే ఎట్లా? ఖర్చెంత? యూనిఫారం ఎప్పుడు కొనాలి? డబ్బు సంగతి దాచకుండా చెప్పండి. యూనిఫారం మొదటి రోజే తేవాలంటే సగం మంది గుమ్మంలోనే ఆగిపోతారు. తెలియని దానికి "కనుక్కొని చెప్తాం" అనండి, చెప్పి తీరండి.

ఇరవై ముగ్గురు అమ్మలు వచ్చారు. పద్నాలుగు మంది పిల్లలు పేర్లిచ్చారు. ఏడుగురి చొప్పున రెండు జట్లు! టీచరమ్మ కళ్ళు తుడుచుకున్నది.

మేక ముడి వేసిన ఆమె బిడ్డ మాత్రం చేరలేదు. "ఇంట్లో చంటిపిల్లాడిని ఎవరు చూస్తరమ్మా?" అన్నది. కాదనడానికి నా దగ్గర మాట లేదు. అందుకే, చంటి తమ్ముళ్ళను వెంటబెట్టుకు రావచ్చునా అని టీచరమ్మను అడిగాను. ఒక చాప, నాలుగు బొమ్మలు పెడదాం, ఒకమ్మ వంతులవారీగా చూస్తే చాలు అన్నది. మొదటి వంతు నాదే. వచ్చే సంతకు ఆమెతో ఈ మాట చెప్పాలి.

అరవై మందికి గుగ్గిళ్ళు: మూడు కిలోల సెనగలు రాత్రే నానబోయండి. పొద్దున ఉప్పేసి మెత్తగా ఉడికించి నీళ్ళు వార్చండి. పావు లీటరు నూనెలో ఆవాలు, జీలకర్ర, పదిహేను ఎండుమిర్చి, గుప్పెడు కరివేపాకు వేయించి సెనగలు కలపండి. దించాక రెండు నిమ్మకాయలు పిండి, ఉల్లిపాయ ముక్కలు చల్లండి. విస్తరాకు దొన్నెల్లో పెడితే గిన్నెలు కడిగే బాధ లేదు.