మీరు చూసిన పాలపిట్ట ఎవరి లెక్కలో ఉంది?

దసరానాడు పాలపిట్టను చూడటం మన వాడుక. జమ్మిచెట్టు పూజకు వెళుతూ పెద్దలు పొలాలవైపు నడుస్తారు, పిల్లలు ముందు పరుగెత్తుతారు. కరెంటు తీగ మీద మట్టిరంగుగా కూర్చున్న పిట్ట ఒక్కసారి రెక్కలు విప్పిందంటే, ఆ నీలిరంగు చూసి "అదిగో! అదిగో!" అని అరవని వారుండరు. మరి మీకొక చిన్న ప్రశ్న. కిందటి దసరాకు మీరు ఎన్ని పాలపిట్టల్ని చూశారు? ఎక్కడ చూశారు? ఊరు దాటి ఎంత దూరం పోవలసివచ్చింది? అంతకు ముందటి ఏటి సంగతి ఏమిటి?

జవాబు చెప్పలేకపోతే సిగ్గుపడనక్కరలేదు. మీ నాన్నగారూ చెప్పలేరు, తాతగారూ చెప్పలేరు. "మా చిన్నప్పుడు బోలెడు ఉండేవిరా" అంటారు తాతగారు. బోలెడు అంటే పదా, యాభయ్యా? సైన్సులో "బోలెడు" అనే అంకె లేదు. చూసినవారు వేలమంది ఉన్నారు, వ్రాసి ఉంచినవారే లేరు. అందువల్ల మన ఊళ్ళో పాలపిట్ట తగ్గిందో, పెరిగిందో, అట్లాగే ఉందో తేల్చి చెప్పడం కష్టం.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన మాట ఒక్కటే. పక్షిని చూడటం సరదా. చూసినదాన్ని తేదీతో, చోటుతో, లెక్కతో వ్రాసి నలుగురితో పంచుకుంటే అది విజ్ఞానం. ఆ పని మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట వంటి మెట్ట ఊళ్ళ హైస్కూలు పిల్లలు తప్పక చేయాలని నా అభిప్రాయం. కారణాలు చెబుతాను, మీరే ఆలోచించండి.

ఒక ఏరు, మూడు లోకాలు

మైలవరం ఒకప్పుడు కృష్ణా జిల్లాలో ఉండేది. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారినా నేల మారలేదు. అటు కొండపల్లి కొండలు, వాటి మీద అడవి. కొండల చుట్టూ ముళ్ళపొదలు, బీళ్ళు, మామిడితోటలు, చెరువులు. ఈ మైలవరం ప్రాంతపు కొండల్లోనే బుడమేరు పుడుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచెత్తింది ఈ ఏరే. ఆ నీరు పోయి కొల్లేటిలో కలుస్తుంది. కొల్లేటి నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతంలో కలుస్తుంది.

అంటే ఏమిటి? మీ ఊరి కొండమీద పడిన వానచుక్క అడవినీ, మెట్టనూ, సరస్సునూ, సముద్రాన్నీ చూసి వస్తుందన్నమాట! దారిలో పక్షులు కూడా మారిపోతాయి. కొండవాలు పొదల్లో కౌజుపిట్టలు, జెముడుకాకులు, నెమళ్ళు. బీళ్ళలో తీతువులు, పాలపిట్టలు. చెరువుల్లో బుడుబుంగలు, నత్తగుల్లకొంగలు. కొల్లేటిలో గూడబాతులు, ఎర్రకాళ్ళకొంగలు. సముద్రపుటొడ్డున, చలికాలంలో, ఎక్కడో ఉత్తర దేశాల నుండి వచ్చి తడి ఇసుకలో ముక్కు గుచ్చి మేత వెతుక్కునే ఉల్లంకి జాతి పిట్టలు.

వీటన్నిటినీ ఒక్క మనిషి ఒక్క రోజున చూడలేడు. మైలవరం పిల్లవాడు కొండను చూస్తాడు, కైకలూరు పిల్లవాడు కొల్లేటిని చూస్తాడు, మచిలీపట్నం అమ్మాయి తీరాన్ని చూస్తుంది. ముగ్గురూ చూసింది ఒకచోట చేరిస్తేనే మొత్తం బొమ్మ కనపడుతుంది. పంచుకోవాలి అనడానికి ఇదే మొదటి కారణం.

పాత లెక్క విలువ

"వ్రాసుకుంటే ఏం ఒరుగుతుంది?" అని మీలో కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. మూడు సంగతులు చెబుతాను.

మొదటిది రాబందుల సంగతి. ఒకప్పుడు మన దేశంలో రాబందులు లేని ఊరు అరుదు. అవి మాయమవుతుంటే చాలామంది పట్టించుకోలేదు. రాజస్థాన్‌లో భరత్‌పూర్ దగ్గర కేవలదేవ్ పక్షి కేంద్రంలో మాత్రం పాత లెక్క ఉంది. 1987-88లో అక్కడ 353 రాబందు గూళ్ళు లెక్కించారు. 1996-97లో మళ్ళీ లెక్కిస్తే 150 మాత్రమే ఉన్నాయి. ఆ పాత అంకె లేకపోతే కొత్త అంకెను చూసి ఎవరూ ఉలిక్కిపడేవారు కాదు. అప్పుడు వెతుకులాట మొదలైంది. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫినాక్ మందు, చనిపోయిన పశువు మాంసంతో పాటు రాబందుల కడుపులోకి పోయి, వాటి మూత్రపిండాలను పాడుచేస్తున్నదని 2004లో తేలింది. 2006లో ప్రభుత్వం ఆ మందును పశువులకు వాడరాదని నిషేధించింది. ఒక పాత నోటుపుస్తకం ఎంత పని చేసిందో చూశారా?

రెండవది మన కొల్లేటి సంగతే. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి ప్రేమికుడు కొల్లేటి ప్రాంతంలో గూడబాతులు గుంపుగా గూళ్ళు కట్టుకునే చోటు ఒకటి కనుక్కొని, ఆ సంగతి లోకానికి తెలియజేశారు. అప్పుడు అక్కడ దాదాపు 3,000 గూడబాతులు ఉండేవి. 1975 ప్రాంతానికి ఆ చోటు ఖాళీ అయిపోయింది. ఆయన వ్రాయకపోతే, అక్కడ అన్ని పక్షులు ఉండేవని నేడు చెప్పినా ఎవరు నమ్ముతారు? తరువాత కొల్లేటిలో 1999లో పక్షుల అభయారణ్యం ఏర్పడింది. ఆటపాక దగ్గర అటవీశాఖవారు కట్టించిన మంచెలమీద నేడు గూడబాతులు మళ్ళీ గూళ్ళు పెడుతున్నాయి. పోయినదేమిటో తెలిసినప్పుడే తిరిగి రాబట్టుకోవాలనే పట్టుదల పుడుతుంది.

మూడవది కలివికోడి. కడప జిల్లా కలివిపొదల్లో రాత్రిపూట మాత్రమే తిరిగే పక్షి ఇది. 1900 తరువాత ఎవరికీ కనపడకపోవడంతో అంతరించిపోయిందనే అనుకున్నారు. బొంబాయి ప్రకృతి పరిశోధక సంఘంవారు ఊరూరా బొమ్మలు చూపించి, "ఈ పక్షిని ఎరుగుదురా?" అని అక్కడివారిని అడిగారు. చివరకు 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర అది మళ్ళీ దొరికింది. దాన్ని పట్టి ఇచ్చినవాడు శాస్త్రజ్ఞుడు కాదు, ఆ చుట్టుపక్కల పిట్టలు పట్టుకునే మనిషి. ఆ తరువాత పరిశోధకులు దాని అడుగుజాడలను ఓపికగా నమోదు చేశారు. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం దాని నివాసం మీదికి వచ్చినప్పుడు ఆ వివరాలు చూపగలిగారు, కాలువ దారి మార్చారు. "ఇక్కడ ఏదో పక్షి ఉందట" అంటే కాలువ ఆగదు. ఫలానా చోట ఫలానా రోజున ఉందని చూపితే ఆగుతుంది.

మెట్టకే ఎందుకు?

కొల్లేటికి పేరుంది. సరస్సు నిండా పక్షులు వాలితే చూడటానికి ఎక్కడెక్కడి నుండో వస్తారు. కొండపల్లి కొండవాలులో ముళ్ళపొద వెనక దాక్కున్న కౌజుపిట్టను చూడటానికి ఎవరు వస్తారు? మెట్టలోని బీడును కాగితాలమీద "బంజరు" అంటారు. బంజరు అంటే ఎందుకూ పనికిరాని నేల అని మన మనసులో నాటుకుపోయింది. కౌజుకు, తీతువుకు, పాలపిట్టకు అది ఇల్లు. గని తవ్వినా, తోట వేసినా, ప్లాట్లు వేసినా ముందు పోయేది ఆ నేలే.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. దేశమంతటా 30,000 మందికి పైగా పక్షి పరిశీలకులు పంచుకున్న దాదాపు 3 కోట్ల నమోదులను కలిపి 2023లో భారతదేశ పక్షుల స్థితిపై ఒక నివేదిక వెలువడింది. అందులో 942 జాతుల సంగతి ఉంది. బయలు నేలల్లో బ్రతికే పక్షులు బాగా తగ్గిపోతున్నాయని అది హెచ్చరించింది. వేగంగా తగ్గుతున్నందువల్ల ప్రపంచ స్థాయిలో మళ్ళీ పరిశీలించవలసినవని 14 జాతులను పేర్కొంది. వాటిలో మన పాలపిట్ట ఒకటి! దసరానాడు మనం మొక్కే పిట్ట, మన కళ్ళముందే తగ్గిపోతున్నదన్నమాట.

ఒకటి గమనించండి. ఇటువంటి లెక్కలు చెడ్డవార్త మాత్రమే చెప్పవు. "పిచ్చుకలు అంతరించాయి" అని అందరూ అంటుంటారు. పెద్ద నగరాల్లో తగ్గిన మాట నిజమే. దేశం మొత్తం మీద చూస్తే పిచ్చుక నిలదొక్కుకునే ఉందని 2020లో వచ్చిన ఇటువంటి నివేదికే చెప్పింది. మనకు తోచినదానికీ, లెక్క చెప్పినదానికీ తేడా ఉంటుంది. తోచినదాన్ని లెక్కతో సరిచూసుకోవడమే సైన్సు.

మీరు చెప్పే అభ్యంతరాలు

"మా దగ్గర బైనాక్యులర్ లేదు." పాలపిట్టను, తీతువును, కొంగను గుర్తుపట్టడానికి కళ్ళు చాలు. సైకిలు మీద బడికి వచ్చే దారిలో తీగలమీద కూర్చున్న పాలపిట్టల్ని లెక్కపెట్టండి. వారానికొకసారి, అదే దారిలో, అదే వేళకు.

"పేర్లు తెలియవు." మీ ఊళ్ళో గొర్రెలు కాసే తాతను అడగండి, చేపలు పట్టే మామయ్యను అడగండి. మనం చిన్నచూపు చూసే "పిట్ట" అనే తెలుగు మాటే 1816లో ఒక పక్షుల ప్రజాతికి శాస్త్రీయనామం అయింది. పొన్నంగిపిట్ట ఆ ప్రజాతికి చెందినదే. ఇక ఎవరికీ తెలియకపోతే "తెలియదు" అని వ్రాసి, ముక్కు, కాళ్ళు, రంగు, నడక వర్ణించండి. తెలియదని వ్రాయడం తప్పు కాదు. తెలియకుండా పేరు పెట్టడం తప్పు.

"మేము పిల్లలం, మా మాట ఎవరు వింటారు?" కేరళలో 2015 నుండి 2020 వరకు వెయ్యిమందికి పైగా స్వచ్ఛందంగా పనిచేసి, రాష్ట్రమంతటికీ ఏ పక్షి ఎక్కడ ఉందో చూపే పటం తయారుచేశారు. దేశంలో మరే రాష్ట్రానికీ అంతకు ముందు అటువంటిది లేదు. వారందరూ శాస్త్రజ్ఞులా? కారు, మీలాంటివారూ మీ మాష్టార్లలాంటివారూ. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతా పెరటి పక్షుల్ని లెక్కపెడుతుంది. 2013 నుండి మన దేశమూ అందులో చేరింది. జనవరిలో నీటిపక్షుల లెక్క 1987 నుండి జరుగుతోంది. మీ బడి కూడా చేరవచ్చు.

పుస్తకం ఎట్లా పెట్టాలి?

మీ తరగతికి ఒక లాంగ్ నోటుబుక్కు చాలు. తేదీ, వేళ, చోటు, పక్షి, ఎన్ని, ఏం చేస్తోంది, చూసినవారు అని ఏడు గడులు గీయండి. ఈ నాలుగు నియమాలు మరువకండి.

ఒకటి: కనపడని రోజున "సున్న" వేయండి. సున్న కూడా అంకే. పక్షి ఎప్పుడు పోయిందో చెప్పేది అదే.

రెండు: మొదటి రాకను గుర్తించండి. వానలు వెనకబట్టాక, నేలమీద నడుస్తూ క్షణక్షణం తోక ఊపే సన్నని పిట్టను చూడండి. కొన్నిచోట్ల కాటుకపిట్ట అంటారు. పొట్ట పసుపుగా ఉంటే అది చలికాలపు అతిథి. ఏటి ఒడ్డున ఏడాది పొడుగునా ఉండే నలుపు తెలుపుల జాతి వేరే ఉంది, పొరబడకండి. పసుపుది ఏ తేదీన వచ్చిందో అయిదేళ్ళు వరసగా వ్రాస్తే ఎంత చక్కని పట్టిక అవుతుందో!

మూడు: గొప్పకోసం వ్రాయకండి. మీ స్నేహితుడు పది చూశాడని మీరు పన్నెండు వేయవద్దు. ఒక్క అబద్ధపు అంకె వంద నిజమైన అంకెల విలువ తీస్తుంది.

నాలుగు: అన్నీ పంచుకోండి, గూడు ఉన్న చోటు తప్ప. అది తెలిస్తే వెళ్ళేవారిలో చూసేవారే కాదు, పట్టేవారూ ఉంటారు. దసరాకు పాలపిట్టను బోనులో పెట్టి చూపి డబ్బులు అడిగేవారిని ప్రోత్సహించవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అంతకంటే ముఖ్యం, బోనులోని పిట్ట ఎవరి లెక్కలోకీ రాదు.

చివరగా ఒక కోరిక. బుడమేరు వెంట ఉన్న బడులు, మైలవరం నుండి కొల్లేటి ఒడ్డు దాకా, ఏటా ఒక ఆదివారం ఒకే వేళకు లెక్కపెట్టి, ఆ కాగితాలను ఒకరికొకరు పంపుకుంటే ఎట్లా ఉంటుంది? ఖర్చు లేదు. సైన్సు మాష్టారి అనుమతి, మీ ఓపిక ఉంటే చాలు. మీరు పెద్దవారయ్యాక మీ మనుమడు "తాతయ్యా, నీ చిన్నప్పుడు ఎన్ని పాలపిట్టలు ఉండేవి?" అని అడిగితే "బోలెడు" అనకండి. అటక మీది నోటుబుక్కు దించి, తేదీ చూసి, అంకె చెప్పండి.

వచ్చే దసరాకు జేబులో పెన్సిలు పెట్టుకుని బయలుదేరండి.