కుదరని జోడీకి కుదిరే బేరం

రాత్రి భోజనాలయ్యాక కంచాలు కడుక్కుని వరండాలో చేరితే మా హాస్టల్లో రెండే చర్చలు. ఒకటి మెస్ మెనూ. రెండోది, ఏ జట్టులో ఎవరుండాలన్నది. మొదటిదాని మీద ఈ సంచికలో ఎవరో ఒకరు రాసే ఉంటారు, రాయకపోతేనే ఆశ్చర్యం. మేము రెండోదాని మీద రాస్తున్నాము.

బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళం మేము పదకొండు మందిమి. మాకంటూ కోర్టు లేదు. పక్కనున్న కాలేజీ కోర్టు ఖాళీ అయ్యాక చీకటి పడేదాకా ఆడుకుంటాం. అమెరికాలో రాత్రి జరిగే ఎన్.బి.ఎ. మ్యాచ్ మనకు పొద్దున స్టడీ అవర్ వేళకు వస్తుంది. అప్పుడు చూడ్డం కుదరదు కాబట్టి రాత్రికి ఒకే ఫోను చుట్టూ తలలు పెట్టి ముక్కలు ముక్కలుగా చూస్తాం. మాలో పెద్దవాళ్ళు స్కూలు హాస్టల్లో ఉండగా, 2022లో, ఇలాగే ఒక తగువు మొదలైంది. అది ఇప్పటికీ తెగలేదు. రసెల్ వెస్ట్‌బ్రూక్ అనే ఆటగాణ్ణి లాస్ ఏంజిలిస్ లేకర్స్ జట్టు ఏం చేసి ఉండాల్సింది?

తెలియని మిత్రుల కోసం కాస్త వెనక్కి వెళ్దాం. వెస్ట్‌బ్రూక్ సామాన్యుడు కాడు. 2016-17లో మ్యాచ్‌కు సగటున 31.6 పాయింట్లు, 10.7 రీబౌండ్లు, 10.4 అసిస్టులు చేసి ఆ ఏడాది అత్యుత్తమ ఆటగాడయ్యాడు. మూడింటిలోనూ సగటు పది దాటడం 1961-62లో ఆస్కార్ రాబర్ట్‌సన్ తర్వాత మళ్ళీ అతనికే సాధ్యమైంది. అంతటివాణ్ణి 2019లో ఓక్లహోమా నుంచి హ్యూస్టన్‌కు, 2020లో వాషింగ్టన్‌కు, 2021 ఆగస్టులో లేకర్స్‌కు మార్చారు. మూడేళ్ళలో మూడు ఊళ్ళు. లేకర్స్ అతని కోసం కైల్ కుజ్మా, కెంటేవియస్ కాల్డ్‌వెల్-పోప్, మాంట్రెజ్ హారెల్ అనే ముగ్గురిని, ఒక డ్రాఫ్ట్ పిక్‌ను ఇచ్చుకుంది. డ్రాఫ్ట్ పిక్ అంటే కొత్తగా వచ్చే కుర్రాళ్ళలో ఒకర్ని ఎంచుకునే వంతు.

లాస్ ఏంజిలిస్ అతను పెరిగిన చోటే. సొంతూరి జట్టుకు ఆడాలని అతనూ కోరుకున్నాడు. అయినా పొత్తు కుదరలేదు. కారణం కోర్టు మీద ఆడినవాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. ఆ జట్టులో అప్పుడు బంతి లెబ్రాన్ జేమ్స్ చేతిలో ఉండేది. జేమ్స్ రింగు వైపు దూసుకుపోయేటప్పుడు మిగతావాళ్ళు దూరంగా నిలబడి, బంతి వస్తే షాటు వేయగలగాలి. వెస్ట్‌బ్రూక్‌కు కూడా బంతి చేతిలో ఉంటేనే ఆట. దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు 2021-22లో అతనికి నూటికి ముప్పై కూడా పడలేదు. అందుచేత అతన్ని కాయాల్సిన ప్రత్యర్థి అతన్ని వదిలేసి వచ్చి రింగు కింద నిలబడేవాడు. జేమ్స్‌కు దారి మూసుకుపోయేది. మా తాతల భాషలో చెప్పాలంటే ఎద్దు మంచిదే, జోడీ కుదరలేదు.

మనిషిని ఎద్దుతో పోల్చామని కోప్పడకండి. అక్కడి పత్రికలు, మేనేజర్లు ఆటగాళ్ళను ‘అసెట్’లనే అంటారు. కాంట్రాక్టు చివరి ఏడాదికి వచ్చిన మనిషిని ‘ఎక్స్‌పైరింగ్’ అంటారు. మందుల షాపులో కూడా డబ్బా మీదే రాస్తారు ఆ మాట. నల్లజాతి ఆటగాళ్ళే ఎక్కువమంది ఉన్న లీగులో ఈ సంత భాష వినబడితే మాకు చివుక్కుమంటుంది.

సరే, జోడీ కుదరలేదు. మార్చేయాలి. ఎలా? అభిమానులు చెప్పిన బేరాలన్నీ ఒకే తీరు. మాకు పనికిరానివాణ్ణి మీరు తీసుకోండి, మీ ఇద్దరు మంచి షూటర్లను మాకివ్వండి. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ. మా వరండాలోనూ ఇదే వరస. అప్పుడు మా సీనియర్ అన్న ఒకాయన అడిగిన ప్రశ్న మాకిప్పటికీ గుర్తుంది. “ఒరేయ్, ఆ పక్క జట్టువాడు నీకు బావమరిదా?”

అసలు చిక్కు లెక్కల్లో ఉంది. ఫుట్‌బాల్ క్లబ్బుల్లా రొక్కం పోసి ఆటగాణ్ణి కొనుక్కునే పద్ధతి ఎన్.బి.ఎ.లో లేదు. మనిషికి మనిషిని ఇవ్వాలి, జీతాలు తూగాలి. 2022-23లో వెస్ట్‌బ్రూక్ జీతం సుమారు 4 కోట్ల 70 లక్షల డాలర్లు. లేకర్స్ లాగా పరిమితి దాటి ఖర్చుపెట్టి పన్ను కట్టే జట్టు, పంపిన జీతం మీద పాతిక శాతం, ఆపైన లక్ష డాలర్లు, అంతకు మించి తెచ్చుకోవడానికి అప్పటి నియమం ఒప్పుకోదు. తక్కువ జీతగాళ్ళను తెచ్చుకుందామంటే అవతలి జట్టు తూకం తప్పుతుంది. అంత జీతమున్న ఆటగాళ్ళు లీగు మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళలో జట్టుకు కుదిరినవాణ్ణి ఎవరిస్తారు?

ఇచ్చేవాళ్ళకు ఆశ పెట్టడానికి పిక్‌లున్నాయా అంటే అవీ కరువే. 2019లో ఆంథొనీ డేవిస్ కోసం లేకర్స్ చాలా పిక్‌లు న్యూ ఆర్లీన్స్‌కు ఇచ్చేసింది. రాబోయే వరుస రెండేళ్ళకు మొదటి రౌండు పిక్ లేకుండా చేసుకోకూడదని మరో నియమం. చివరికి చేతిలో మిగిలినవి 2027వి, 2029వి. ఆ రెండూ ఇండియానాకు ఇచ్చి మైల్స్ టర్నర్, బడ్డీ హీల్డ్‌లను తెచ్చుకోవడం గురించి మాటలు నడిచాయని పత్రికలు రాశాయి. బేరం తెగలేదు.

ఈ మధ్యకాలంలో జరిగిందే మాకు బాధ. 2021-22లో లేకర్స్ 33 గెలిచి 49 ఓడింది. ఆ ఏడాది మొత్తం 82 మ్యాచ్‌లలో జేమ్స్ ఆడినవి 56, డేవిస్ ఆడినవి 40. వెస్ట్‌బ్రూక్ 78 ఆడాడు. రోజూ పనికొచ్చినవాడి మీదే నింద పడింది. రింగుకు తగిలి పడిపోయే షాటును అక్కడ ‘బ్రిక్’, అంటే ఇటుక, అంటారు. అతని ఇంటిపేరు చివర్న ఆ మాట తగిలించి స్టేడియాల్లో అరిచారు. భార్యాపిల్లల దాకా బెదిరింపులు వెళ్ళాయి. 2022 మార్చిలో అతను పత్రికలవాళ్ళ ముందు ఆ మాటే ఎత్తాడు. తన కొడుకు ఇంటిపేరంటే ఎంతో గర్వపడతాడని, కనబడిన చోటల్లా దాన్ని రాసుకుంటాడని టీచరు చెప్పారట. ఆ పేరునే జనం వంకర తిప్పుతుంటే ఎలా ఊరుకునేదని అతని బాధ. ఆటను విమర్శించండి, పేరు జోలికి రాకండి అన్నాడు.

పేరు వంకర తిప్పి పిలిపించుకోవడం అంటే ఏమిటో మా హాస్టల్ పిల్లలకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. స్కూల్లో హాజరు పిలిచేటప్పుడు కొన్ని ఇంటిపేర్ల దగ్గర వెనక బెంచీల్లో నవ్వులు వినబడేవి. అందుకే మాలో లేకర్స్ అభిమానులు కూడా ఆ వెక్కిరింపు పేరు వాడరు. ఇది మా గదిలో రాయని నియమం.

చివరికి కుదిరిన బేరం చూడండి. 2023 ఫిబ్రవరి 9న మూడు జట్లు కలిశాయి. లేకర్స్‌కు మిన్నెసోటా నుంచి డి'ఏంజెలో రసెల్, యూటా నుంచి మలిక్ బీస్లీ, జారెడ్ వాండర్‌బిల్ట్ వచ్చారు. మిన్నెసోటాకు యూటా నుంచి అనుభవజ్ఞుడైన మైక్ కాన్లీ వెళ్ళాడు. యూటాకు వెస్ట్‌బ్రూక్, ఇంకో ఇద్దరు చిన్న జీతగాళ్ళు, లేకర్స్ 2027 మొదటి రౌండు పిక్ దక్కాయి. ఆ పిక్ మొదటి నాలుగు స్థానాల్లో పడితే మాత్రం యూటాకు చెందదన్నది అప్పటి షరతు. రెండు పక్కలా జీతాలు ఐదు కోట్ల డాలర్ల పైచిలుకు దగ్గర తూగాయి. ఎవరి అవసరం వాళ్ళకు తీరింది. యూటాకు కావలసింది వెస్ట్‌బ్రూక్ కాదు, పిక్. అతని కాంట్రాక్టు ఆ ఏడాదితో అయిపోతుంది కాబట్టే భరించింది. ఒక్క మ్యాచ్ ఆడించకుండా కాంట్రాక్టు తెంచి పంపేసింది.

అనుకూలమైన బేరం అంటే ఇదే అని మేమంటాము. తాను చేసిన తప్పుకు లేకర్స్ ఒక పిక్ జరిమానా కట్టింది, వచ్చిన ముగ్గురిలో ఒక్కడూ జేమ్స్ స్థాయివాడు కాడని ఒప్పుకుంది. జోడీకి సరిపోయేవాళ్ళు చాలు అనుకుంది. అంతే, అదే జట్టు 43 గెలిచి, మెంఫిస్‌ను, గోల్డెన్ స్టేట్‌ను దాటి పశ్చిమ విభాగం ఫైనల్ దాకా పోయింది. అక్కడ డెన్వర్ చేతిలో 4-0తో ఓడింది. ఆ డెన్వర్ జట్టులో ఎవరున్నారనుకున్నారు? 2021లో లేకర్స్ వదులుకున్న కాల్డ్‌వెల్-పోప్! డెన్వర్ ఆ ఏడాది ఛాంపియన్.

ఇండియానా బేరం అప్పుడే ఒప్పుకుని ఉంటే రెండు పిక్‌లు పోయేవి, ఆగడంవల్ల ఒకటి మిగిలింది, తెలివైన పనే కదా అని మాలో ముగ్గురు వాదిస్తారు. ఆ సంగతి కూడా రాయమన్నారు, రాశాం. మిగిలిన ఎనిమిది మందిమి ఒప్పుకోము. మిగిలిన ఆ పిక్ ఖరీదు ఒక మనిషి నెలల తరబడి ఊరి జనం చేత తిట్లు తినడం. అది ఏ లెక్క పుస్తకంలోనూ రాయరు.

వెస్ట్‌బ్రూక్ ఎక్కడికి పోయాడు? ఆ ఫిబ్రవరిలోనే క్లిప్పర్స్‌లో చేరాడు. అది కూడా లాస్ ఏంజిలిస్ జట్టే, అప్పట్లో రెండూ ఒకే స్టేడియంలో ఆడేవి. ఏప్రిల్‌లో ఫీనిక్స్‌తో ప్లేఆఫ్ మొదటి మ్యాచ్‌లో అతను వేసిన 19 షాట్లలో పడినవి 3. ఇదివరకైతే ఆ ఒక్క లెక్క చూపించి నవ్వేవాళ్ళు. కానీ ఆఖరి క్షణాల్లో డెవిన్ బుకర్ షాటును అడ్డుకున్నది అతనే, క్లిప్పర్స్ ఆ మ్యాచ్ గెలిచింది. సిరీస్ 4-1తో పోయిందనుకోండి. తర్వాత 2024లో డెన్వర్‌కు, 2025లో శాక్రమెంటోకు వెళ్ళాడు.

ఇదంతా ఎంత నీతిగా మాట్లాడామో, నిరుడు మా జట్టులో అంత నీతిగా నడుచుకోలేదు. ఇంటర్ రెండో ఏడాది తమ్ముడొకడు ఉన్నాడు. బంతి పట్టాడంటే వదలడు. మా కెప్టెనూ వదలడు. ఇద్దరూ ఒకే ఐదుగురిలో ఉంటే మిగతా ముగ్గురం చేతులు కట్టుకుని చూడ్డమే. అందుకని వాణ్ణి పై అంతస్తు జట్టుకిచ్చి, షాటు వేసే ఇద్దర్ని తెచ్చుకున్నాం. బేరం మంచిదే, ఇద్దరికీ లాభమే. పై అంతస్తువాళ్ళు వాడి చేతికే బంతిచ్చి మమ్మల్ని రెండుసార్లు ఓడించారు కూడా. కానీ ఆ సాయంత్రం వాడు నీళ్ళ కుళాయి దగ్గర నిలబడి అన్న మాట ఇది. “బాగానే చేశారన్నా. కాకపోతే నన్నొక్క మాట అడగాల్సింది.”

అక్కడి లీగులో చాలామంది ఆటగాళ్ళకు ఆ అడిగించుకునే హక్కు లేదు, కాంట్రాక్టు ఎటు పోతే మనిషి అటు పోవాల్సిందే. 2023లో వచ్చిన కొత్త ఒప్పందం బాగా ఖర్చుపెట్టే జట్లకు బేరాలను ఇంకా బిగించింది. ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకోవడానికి కూడా వాటికి వీల్లేకుండా చేసింది. మనిషిని అడగడం గురించి పెద్దగా మారిందేమీ లేదు. మా వరండాకు మాత్రం ఏ ఒప్పందమూ అడ్డం లేదు. ఈ వార్షికోత్సవం మ్యాచ్‌లకు జట్లను ఆదివారం సాయంత్రం ఐదింటికి, అందరినీ కూర్చోబెట్టి, ఎవరెక్కడ ఆడాలనుకుంటున్నారో అడిగి పంచుతాం. పై అంతస్తువాళ్ళు కూడా రావాలి. ఆ తమ్ముడు తప్పకుండా రావాలి.